ఇద్దరికీ లాభమైన మార్పిడి

పేపర్లో ఆటల పేజీ చదివే అలవాటు నాకు ఈ వయసులోనూ పోలేదు. ఎక్కడో ఒక దేశంలో రెండు బాస్కెట్‌బాల్ జట్లు చెరొక ఆటగాణ్ణి మార్చుకుంటాయి. మరునాడు పండితులు కూర్చుని ఈ మార్పిడిలో ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని పేజీ నిండా తూకం వేస్తారు. ఇంత పొడుగు పోయి ఇంత వేగం వచ్చిందంటారు, వయసు చూస్తారు, మోకాళ్లు చూస్తారు. చివరికి ఇద్దరికీ లాభమేనని తేల్చి కాఫీకి లేస్తారు. ఆ రాత చదివి నేను నవ్వుకుంటే ఇంట్లోవాళ్లు నాకు వయసు మీదపడిందనుకుంటారు. వాళ్లకేం తెలుసు, నేనూ ఒకప్పుడు అలాంటి తక్కెట్లో కూర్చున్నవాణ్ణే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లో మూడేళ్లో అయింది. రాజధాని కర్నూలు. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. గాలికి ఫైళ్లు ఎగిరిపోకుండా గుమాస్తాలు వాటి మీద రాళ్లు పెట్టుకుని రాస్తున్నారని మా వైపు చెప్పుకునేవాళ్లు. రాష్ట్రమే డేరాలో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు నూనెమిల్లు కల్లంలో బాస్కెట్‌బాల్ ఉంటే తప్పేముందని మా షావుకారు వాదం. నిజానికి ఆయనకు ఆ ఆట మీద మోజేమీ లేదు. జమ్మలమడుగులో మిషన్ కాంపౌండులో ఆ ఆట ఉంది. అక్కడి దూది వ్యాపారి ఒకాయన పనులిచ్చి మరీ ఒక జట్టును సాకుతున్నాడు. జమ్మలమడుగుకు ఉన్నది ప్రొద్దుటూరుకు లేకపోతే ఎలా? మా ఊరిని రెండో బొంబాయి అంటారు. అనేది ముఖ్యంగా మేమే అనుకోండి, అయినా పేరు పేరే.

అలా మా షావుకారు మద్రాసులో చదివిన ఒక డ్రిల్లు మాస్టర్ని పట్టుకొచ్చి, తాలూకా అంతటా పొడుగువాళ్ల కోసం వెతికించాడు. ఆ వలలో పడ్డ చేపను నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఎస్సెల్సీ పాసయ్యాను. రాజుపాలెం దగ్గర మా పల్లెలో మాకొక బావి, దాని కింద కాస్త తడి పొలం ఉండేవి. మా నాయన కపిల తోలేవాడు. కపిలంటే ఇప్పటివాళ్లకు చెప్పాలి. ఎద్దులు బావిగట్టు వాలులో ముందుకు దిగితే మోకుకు కట్టిన తోలుబాన నీళ్లతో పైకొస్తుంది, వెనక్కి ఎక్కితే బావిలోకి దిగుతుంది. పొద్దస్తమానం ఎద్దుల వెంట ఆ వాలు దిగడం, ఎక్కడం. ఆ పని తప్పించమని నేను దేవుణ్ణి అడగని రోజు లేదు. దేవుడు నాకు ఆరడుగుల మూడంగుళాల పొడుగిచ్చి, మిగతాది నువ్వే చూసుకోమన్నాడు.

ఆ పొడుగు వల్ల ప్రయోజనం ఒక్కటే అనేవాడు మా నాయన, నిచ్చెన లేకుండా కొట్టం కప్పుకోవచ్చు. షావుకారు మాత్రం మిల్లులో గుమాస్తా పనిచ్చాడు. సాయంత్రం నాలుగింటికి కలం కింద పెట్టి నిక్కరు వేసుకోవడమే అసలు ఉద్యోగం. ఆట పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే కపిల. ఇంత తేలికైన లెక్క నాకు బళ్లో ఏ అయ్యవారూ ఇవ్వలేదు.

ఇక రింగు సంగతి. డ్రిల్లు మాస్టరు అంగుళాల కొలత కాగితం మీద రాసి కమ్మరికి పంపాడు. మా కమ్మరి చదువుకున్నవాడు కాదు, అంగుళాలతో ఆయనకు పరిచయమూ లేదు. గుండ్రంగా, బంతి పట్టేటట్టు, ఇనుముతో కావాలన్నారని మాత్రం అర్థమైంది. గుండ్రంగా ఇనుముతో ఆయన చేసే వస్తువు కొలిమిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కపిల బాన నోరు తెరుచుకుని ఉండటానికి దాని మూతికి ఒక ఇనుప కమ్మీ వేస్తారు. అలాంటివి రెండు తీసి, పక్కన కొక్కేలు అతికించి, ఎర్రరంగు పూసి పంపాడు. వాటిని స్తంభాల మీదికి ఎక్కించారు. మాస్టరు కింద నుంచి చూసి బాగుందన్నాడు. అంత ఎత్తున ఉన్నదేదైనా కిందవాళ్లకు సరైన కొలతలోనే కనిపిస్తుంది.

నేను మాత్రం చూడగానే గుర్తుపట్టాను. పుట్టినప్పటినుంచీ ఆ మూతి మొహం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. గుర్తుపట్టి నోరు మూసుకున్నాను. ఎందుకంటే అసలు కొలతకంటే వెడల్పైన ఆ రింగులో నేను వేసిన బంతి అంచు కూడా తగలకుండా దిగిపోయేది. పదికి తొమ్మిది. జనం కల్లం చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు. మా నాయన ఒకసారి సంతకు వచ్చి, ఆట చూసి, రింగు వంక కళ్లు చిట్లించి, "ఇది బాన మూతి గదరా," అన్నాడు. అరవొద్దని నేను ఆయన్ను హోటలుకు తీసుకుపోయి దోసె పెట్టించాను.

మొదటిసారి జమ్మలమడుగు వెళ్లి ఆడినప్పుడు నా అసలు రంగు బయటపడాల్సింది. అక్కడి రింగు మిషన్‌వాళ్ల కొలతలో ఉండేది. నా బంతులు అంచుకు తగిలి గచ్చకాయల్లా ఎగిరిపడ్డాయి. పెన్నా గాలి అన్నాను. అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే మా జట్టులో మిగిలినవాళ్లకూ ఆ గాలి అవసరం పడింది. జమ్మలమడుగువాళ్లు మా ఊరొచ్చి ఓడినప్పుడు మా కల్లం ఎగుడుదిగుడని తిట్టుకునేవాళ్లు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రెండు ఊళ్లకూ చెరొక మద్దెల దొరికింది. ఆ తర్వాత జమ్మలమడుగులో మ్యాచి ఉన్న రోజున నాకు జ్వరం రావడం మా జట్టులో ఆనవాయితీ అయింది. మనిషికి ఏడాదికి రెండుసార్లు, సరిగ్గా తేదీ చూసుకుని జ్వరం ఎలా వస్తుందని అడిగినవాడు లేడు.

ఆ మొదటి మ్యాచి నాడు ఊళ్లో లేని జమ్మలమడుగు దూది వ్యాపారి నన్ను చూసింది మా కల్లంలోనే. చూసి మనసు పారేసుకున్నాడు. ఆయన దగ్గర ఒక కురచ మనిషి ఉండేవాడు. పాత్రలకు కళాయి పూసే ఇంటివాడు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. బంతి అతని చేతికి అందితే ఇక ఎవరికీ దొరికేది కాదు. మా షావుకారు కన్ను అతని మీద పడింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. మార్పిడి మాట అలా మొదలైంది.

మిల్లు వరండాలో తూకం జరిగింది. ఇద్దరు యజమానులు చెరొక కుర్చీలో కూర్చున్నారు. మా డ్రిల్లు మాస్టరు సుద్దముక్క తీసుకుని నేల మీద గీతలు గీశాడు. మన దగ్గర పొడుగువాళ్లు ముగ్గురు, ఉరికేవాడు లేడు. వాళ్ల దగ్గర ఉరికేవాళ్లు నలుగురు, పొడుగువాడు లేడు. మన పొడుగు ఒకటి అటుపోయినా ఇంకా రెండుంటాయి, వాళ్ల ఉరుకు ఒకటి ఇటొచ్చినా వాళ్లకు ఇంకా మూడుంటాయి. కాబట్టి ఇద్దరికీ లాభమే. ఇప్పటి పేపర్ల పండితులు చెప్పేది కూడా అక్షరాలా ఇదే. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు, గీసిన నేల తప్ప.

అయితే షావుకార్లు సుద్దగీతలను నమ్మే రకం కాదు. వాళ్లకు తెలిసిన మార్పిడి ఎద్దుల మార్పిడి. అందుకని ఇద్దరికీ నమ్మకమైన ఎద్దుల దళారిని పిలిపించారు. ఆయన నన్ను అటూ ఇటూ నడిపించి చూశాడు, మోకాళ్లు తట్టాడు, వెనక్కి తిప్పి నిలబెట్టాడు. పండ్లు చూపించమనలేదు, అదొక్కటే మర్యాద. తర్వాత సంతలో చేసినట్టే చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ఇద్దరితోనూ బేరం నడిపాడు. మనిషికి మనిషి, మీద ఇంకేమీ లేదని కుదిరింది. ఆ తువ్వాలు కింద ఏ వేలు నేనో నాకిప్పటికీ తెలియదు.

లేవబోతూ దళారి ఒక మాట అన్నాడు. "బేరం కుదిరిండాది గానీ, కట్టి సూసుకోండప్పా. కాడి మీద సూడకుండా ఏ ఎద్దునూ నమ్మగూడదు."

ఆ వరండాలో తెలివైన మాట అదొక్కటే. నా గుట్టు బయటపెట్టేదీ అదే. నెల తర్వాత పులివెందులలో మూడు ఊళ్ల పందేలున్నాయి. అప్పటిదాకా కట్టి చూసుకోవాలి. కుదరలేదని ఎవరైనా అంటే ఆ పందేలు నడిపే పులివెందుల పెద్దాయన తీర్పు చెప్పాలి. ఎద్దుకు జబ్బు చేసి ఉంటే పరీక్ష చెల్లదు, బేరం నిలుస్తుంది. ఇదీ సంతలో ఉన్న కట్టుబాటే. ఇవన్నీ కాగితం మీద పెట్టాలన్నారు. అక్కడ గుండ్రంగా రాయగలిగిన గుమాస్తాను నేనొక్కణ్ణే. నన్ను మార్చుకునే ఒప్పందం నా చేత్తో నేనే రాశాను, అక్షరదోషం లేకుండా.

బయలుదేరే రోజు షావుకారు నా జట్టు బనియను విప్పించి దగ్గర పెట్టుకున్నాడు. మా వైపు ఎద్దును అమ్మినవాడు పలుపుతాడు ఇవ్వడు. తాడు పోతే దాంతో ఇంటి లక్ష్మి కూడా పోతుందని నమ్మకం. నా చెమట బనియనులో లక్ష్మి ఎక్కడుందో నాకు కనపడలేదు. మడత పెట్టి ఇచ్చేసి, సొంత చొక్కా తొడుక్కుని బస్సెక్కాను.

ఎవరి గుమ్మంలో మార్చుకుంటే వాళ్లది పైచేయి అవుతుందని, మార్పిడి సగం దారిలో పెట్టారు. నేను ఇటు నుంచి వచ్చిన బస్సు దిగాను. కళాయి ఆయన అటు నుంచి వచ్చింది దిగాడు. దళారి మా ఇద్దరి చేతులూ ఒకసారి కలిపి, పని అయిందని చెప్పి, బీడీ ముట్టించుకోవడానికి కాలువ గట్టుకు పోయాడు. మేం దిగిన బస్సులు ఈలోగా వెళ్లిపోయాయి, తర్వాతివి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఇద్దరం ఒకే చింతచెట్టు నీడలో ట్రంకుపెట్టెల మీద కూర్చున్నాం. అతని పెట్టె పక్కన ఒక వెదురుబుట్ట ఉంది. అందులో నాలుగు పావురాలు.

పావురాలంటే అతనికి ప్రాణమని ఆ కాసేపట్లోనే తెలిసింది. జమ్మలమడుగులో దూది గోదాము వెనక తనకో గది ఉందని, దాని మిద్దె మీదే వాటిని పెంచానని చెప్పాడు. ఇప్పుడా గది నాది. అతను అడక్కుండానే అక్కడి సంగతులన్నీ చెప్పాడు. పడమటి స్తంభం వైపు గాలి ఎక్కువ, సాయంత్రం ఎండ కంట్లో కొడుతుంది, రింగుకు ఎడమవైపు కాస్త వంపు ఉంది. నన్ను గురించి అడిగాడు. ఆట పోతే నాకు కపిలే గతి అని చెప్పాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను.

"మీ రింగు ఎట్లుంటాదప్పా?" అన్నాడు. "మేమొచ్చినప్పుడల్లా మీ పొడుగోళ్లు నన్ను దాని కాడికే రానీలేదు."

"రింగంటే రింగే గదన్నా. మీ మాదిరే," అన్నాను.

అతను నమ్మి తలూపాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను చొక్కా దులుపుకున్నాను. బస్సు వచ్చింది.

జమ్మలమడుగులో దూది వ్యాపారి నన్ను కొత్త ఎద్దులాగే చూసుకున్నాడు. సంతనుంచి తెచ్చిన ఎద్దుకు ఉలవలు పెట్టినట్టు నాకు గుడ్లూ పాలూ ఏర్పాటు చేశాడు. మొదటి సాయంత్రం మిషన్ కాంపౌండులో పది బంతులు వేశాను. రెండు పడ్డాయి. రెండో రోజు ఒకటి. మూడో రోజు లెక్కపెట్టడం మానేశాను. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూడలేక రింగు వంకే చూస్తుంటే, నా శ్రద్ధకు వ్యాపారి ముచ్చటపడ్డాడు. "నీళ్లు మారినాయి. కుదురుకుంటాడు," అని అందరికీ సర్దిచెప్పేవాడు. మంచివాడు. మంచివాళ్లను మోసం చేయడం ఎంత చిరాకైన పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. తిట్టేవాళ్లయితే మనమూ తిట్టుకుని సరిపెట్టుకోవచ్చు.

మూడో రోజు పొద్దున మిద్దె మీద రెక్కల చప్పుడైంది. ఎక్కి చూస్తే ఒక పావురం. బుట్టలో చూసిన వాటిల్లోదే, మెడ మీద నల్లచార. ఖాళీ గూటి ముందు అటూ ఇటూ తిరిగి నా వంక చూసింది. అతను ప్రొద్దుటూరులో బుట్ట తెరిచి వదిలినట్టున్నాడు, అది తిన్నగా ఇంటికొచ్చేసింది. మరో రెండు రోజులకు ఇంకోటి వచ్చింది. ఆ వారం చివర మూడోది. ఒప్పంద కాగితాలు వాటికి చదివి వినిపించలేదు కాబోలు. నేను హోటలు నుంచి జొన్నలు పొట్లం కట్టించుకుని వచ్చి చల్లేవాణ్ణి. అవి తిని, నన్ను లెక్కచేయకుండా మిద్దె అంచున కూర్చుని తూర్పు వైపు చూసేవి. ఆ చూపు నాకు మింగుడుపడేది కాదు. సాయంత్రం పదికి రెండు వేసి వచ్చి పొద్దున వాటి మొహం చూడాలంటే సిగ్గేసేది. పావురాల ముందు సిగ్గుపడ్డానని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

అక్కడ ప్రొద్దుటూరులో కళాయి ఆయన బాన మూతిలో ఆడుతున్నాడు. సరైన రింగులో పదికి ఎనిమిది వేసే చేయికి ఆ రింగు ఇస్తే ఏమవుతుంది? ఒక్కటీ తప్పడం లేదని సంతకు వచ్చినవాళ్లు చెప్పుకుంటున్నారు. మా షావుకారు మీసం మెలేసి, మార్పిడి ఇద్దరికీ లాభమేనని చాటుకుంటున్నాడు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా అదే మాట. ఆంధ్రనూ తెలంగాణనూ కలిపితే ఎవరికి లాభమని అరుగుల మీద పెద్దలు తూకం వేస్తున్నారు. రాజధాని హైదరాబాదుకు పోతుందన్నారు. కర్నూలువాళ్లను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. అడిగి ఉండరనే నా నమ్మకం. ఎద్దు పుండు కాకికి నొప్పా.

నెల నిండేసరికి దూది వ్యాపారి మంచితనం కూడా నిండింది. నీళ్లు మారడానికి ఇంతకాలం పట్టదని ఆయనకు ఎవరో చెప్పారు. ఎద్దు కుదరలేదు, పులివెందులలో తేల్చాలని కబురు పంపాడు. బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం నాలుగో పావురం వచ్చింది. ఒక రెక్క ఈకలు ఊడిపోయి, ఎగరలేక మిద్దె మెట్ల మీద కూర్చుని ఉంది. ఎన్ని చోట్ల ఆగి, ఎన్ని రోజులు పట్టి వచ్చిందో. చేతుల్లోకి తీసుకుంటే దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. అబద్ధం ఆడినప్పుడు రాలేదు, అప్పుడొచ్చింది.

పులివెందుల పెద్దాయనకు బండలాగుడు ఎద్దులంటే పిచ్చి. ఆయన కల్లంలో ఒక పక్క ఎద్దులు, ఒక పక్క బాస్కెట్‌బాల్ స్తంభాలు. రింగు మిషన్‌వాళ్ల కొలత తెప్పించి చేయించాడు. ఎద్దు కాడి కొలవకుండా కట్టని మనిషి, రింగును కొలవకుండా కడతాడా? రెండు ఊళ్ల జనమూ చేరారు. ఆయన ఇరుపక్షాల మాటా విని, మాటలు అనవసరమన్నాడు. ఇద్దర్నీ తన రింగులో తలా పది బంతులు వేయమన్నాడు. ఇద్దరూ దగ్గరదగ్గరగా వేస్తే సరుకుకు సరుకు సమానం, బేరం నిలుస్తుంది. తేడా ఎక్కువైతే ఎవరి ఎద్దు వాళ్లింటికి. తిరిగి వస్తే నన్ను కల్లంలోకి రానివ్వనని మా షావుకారు అప్పటికే నాతో చెప్పి ఉన్నాడు.

కళాయి ఆయన నా పక్కన నిలబడ్డాడు. నెలలో చిక్కిపోయాడు. బంతి తీసుకోబోతూ మెల్లగా అడిగాడు.

"పావురాలు వచ్చినాయా?"

"నాలుగూ వచ్చినాయన్నా."

"అవి తెలివైనవిలే," అని, వెళ్లి పది బంతుల్లో తొమ్మిది వేశాడు.

నా వంతు వచ్చింది. బంతి నా చేతికిచ్చే నెపంతో మా షావుకారు దగ్గరికొచ్చి, నా నుదుటి మీద చేయి పెట్టి, అందరికీ కనపడేలా అయ్యో అన్నాడు. తర్వాత నా చెవిలో, "జరమని సెప్పు. బేరం నిలబడ్తాది. నీ కూడు నీకుంటాది," అన్నాడు.

ఆయనకన్నీ తెలుసన్నమాట. రింగు సంగతి తెలుసో లేదో గానీ నా జ్వరాల సంగతి తెలుసు. అప్పటికి నేను చేయాల్సిందల్లా కాస్త వణకడం. జబ్బు ఎద్దుకు పరీక్ష లేదు. దూది వ్యాపారి పరువుకు భయపడి కొన్న ఎద్దును మేపుతాడు. నాకు కపిల తప్పుతుంది. కళాయి ఆయన ప్రొద్దుటూరులో ఉండిపోతాడు, పావురాలు జమ్మలమడుగులో ఉండిపోతాయి, రెండు జట్లకూ లాభం. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. షావుకారు మీదనో నా మీదనో ఆలోచించే తీరిక లేదు. బంతి కింద పెట్టాను.

"నాకు జరం లేదు," అన్నాను. "ఎప్పుడూ లేదు. ప్రొద్దుటూరి రింగు రింగు గాదు, బాన మూతి. నేను దాంట్లోనే ఏస్తా. ఇంగ యాడా ఏయలేను."

మా డ్రిల్లు మాస్టరు తల వంచుకున్నాడు. ఆయన కొలత రాసిచ్చాడు గానీ వచ్చినదాన్ని కొలవలేదు. పెద్దాయన దళారి వైపు చూశాడు. దళారి తువ్వాలు భుజం మీద వేసుకుని నా దగ్గరికి వచ్చి, మొదటిసారి మొహంలోకి చూశాడు.

"ముప్పై ఏండ్లాయ బేరాలు సేయబట్టి," అన్నాడు. "తన సెడ్డ సుడి తానే సూపిచ్చిన ఎద్దును ఈపొద్దే సూస్తాండా."

ఒంటి మీద చెడ్డసుడి ఉన్న ఎద్దును సంతలో ఎవరూ కొనరు. ఆ మాటను పొగడ్తగా తీసుకోవాలో తిట్టుగా తీసుకోవాలో అప్పుడూ తెలియలేదు. పెద్దాయన మాత్రం ఎవరి ఎద్దు వాళ్లింటికి అని తీర్పు చెప్పేశాడు. కళాయి ఆయన ఆ పూటే తన పాత జట్టుతో ఆడాడు, జమ్మలమడుగు షీల్డు ఎత్తుకుపోయింది. నన్ను ఎవరూ ఆడమనలేదు. అతను వెళ్తూ నా వైపు చూశాడు గానీ జనంలో మాట్లాడటానికి కుదరలేదు.

ప్రొద్దుటూరు తిరిగొచ్చేసరికి నేను వదిలివెళ్లిన బట్టలు మిల్లు గేటు బయట మూటకట్టి పెట్టి ఉన్నాయి. మూట మీద నా జట్టు బనియను. దాని మీద ఎర్రరంగు రింగు ఒకటి, స్తంభం నుంచి ఊడదీసింది. షావుకారు వరండాలో నిలబడి చెప్పించాడు: ఏ ఎద్దుతోనూ పలుపు పంపనివాడు ఈ ఎద్దును మాత్రం పలుపుతో సహా తోలుతున్నాడట, దీని లక్ష్మి కూడా ఆయనకొద్దట. ఇంతకన్నా మర్యాదగా నన్నింకెవరూ పంపించలేదు. మూట ట్రంకుపెట్టె మీద పెట్టి నెత్తికెత్తుకుని, రింగు భుజానికి తగిలించుకుని రాజుపాలెం దారి పట్టాను.

మా నాయన రింగు తీసుకుని తిప్పి చూశాడు. "మన బాన మూతి తుప్పు పట్టిపోయిండాది. మంచి పని జేసినావు," అని కొక్కేలు ఊడగొట్టించి బానకు బిగించాడు. మరునాటి నుంచి కపిల. ఎద్దుల వెంట వాలులో దిగడం, ఎక్కడం. ఎర్రరంగు నెలలోపే నీళ్లలో కొట్టుకుపోయింది.

రెండేళ్ల తర్వాత షావుకార్లకు కొత్త మోజులొచ్చాయి, ఆట ఆగిపోయింది. కళాయి ఆయన పాత వృత్తిలోకి వచ్చి పల్లెలు తిరుగుతూ ఒకరోజు మా ఊరొచ్చాడు. బావి దగ్గరికి వచ్చి, పైకొస్తున్న బానను చూసి ఆగిపోయాడు. చాలాసేపు దాని మూతి వంకే చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆరోజు చింతచెట్టు కింద నీకు అబద్ధం చెప్పానన్నా అన్నాను.

"మొదటి సాయంత్రమే తెలిసిండెలే అప్పా," అన్నాడు. "నేను సెప్తే నీ కూడు పోతాది. నువ్వే సెప్తావేమోనని నెలంతా సూస్తాంటి."

నెలంతా. పావురాలు ఒక్కొక్కటే ఎగిరిపోతుంటే అతను అక్కడ కూర్చుని నా కోసం ఎదురుచూశాడు. ఆ మార్పిడిలో ఎవరికి లాభమని ఎవరైనా నన్ను అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే, కానీ ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆరోజు అతను తన సంచి గట్టున పెట్టి, పలుపు నా చేతిలోంచి తీసుకుని తానూ కాసేపు ఎద్దులు తోలాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం వంతులవారీగా కపిల తోలాం. బాన ఒక్కసారి కూడా తప్పలేదు.